మంగతాయి ఇంట్లో ఏడుపులు

బల్లార్‌పూర్‌లో పేపరు మిల్లు వెనక వాడలో పొద్దున్నే ఎవరింట్లో ఎంత గోల ఉన్నా, మంగతాయి ఇంట్లో ఉన్నంత ఉండేది కాదు. ఉద్యోగాలకు పోయే తల్లులు ఒకరి వెనక ఒకరు వచ్చేవాళ్లు. తమ చంకలోని పిల్లను ఆమె చంకలోకి మార్చి, పాలసీసా, రెండు జతల బట్టలు గడప లోపల పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తేవాళ్లు. తిరిగి చూస్తే పిల్ల ఏడుస్తుంది, పిల్ల ఏడిస్తే తల్లి ఏడుస్తుంది, తల్లి ఏడిస్తే బస్సు పోతుంది. అందుకే తిరిగి చూడొద్దని మంగతాయి ఆజ్ఞ. ఆమె ఆజ్ఞంటే ఆ వాడలో పాస్టరుగారు కూడా కాదనేవారు కాదు.

ఇరవై ఏళ్లకు పైగా ఆమె చేసిన పని ఇదే. చదువుకున్న పిల్లలు దాన్ని క్రెష్ అంటారు గానీ, వాడ మొత్తానికి అది మంగతాయి ఇల్లే. భర్త గాబ్రియేలు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు నోవాకు ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, కాపురం కూడా అక్కడే. ఎప్పుడైనా ఆదివారం వచ్చి మొహం చూపించి పోతాడు. కాబట్టి ఇల్లు పిల్లలది, పిల్లలు మంగతాయివాళ్లు. ఎవరింటి పిల్లయినా సరే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె పిల్లే.

తల్లులకు ఇంకో ఆశ కూడా ఉండేది. పిల్లలు పెద్దయితే మరాఠీ బడికి పోతారు, వీధిలో హిందీ మాట్లాడతారు, ఆదివారం చర్చిలో అందరూ తెలుగు పాట పాడుతుంటే నోరు తెరుచుకుని గోడలకేసి చూస్తారు. "తాయీ, వీని నోట్లె జర తెలుగు ఉండెటట్టు చూడు" అని బతిమాలేవాళ్లు. దానికి మంగతాయి ఒక ఆట కనిపెట్టింది. పిల్ల మరాఠీలో ఏ మాటన్నా ఆమె దాన్ని తెలుగులో చెప్తుంది. "పాణీ" అంటే "నీళ్లు". "దూధ్" అంటే "పాలు". పిల్ల ఆ తెలుగు మాట అనేదాకా గ్లాసు చేతికి రాదు. ఈ ఆట ఆడీ ఆడీ ఆమె నోటికి ఎంత అలవాటైందంటే, సంతలో కూరగాయలమ్మే మరాఠీ ఆయన "వాంగీ, వాంగీ" అని అరిస్తే ఈమె వెంటనే "వంకాయలు" అనేసేది. ఆయన పాపం బిత్తరపోయి చూసేవాడు.

అంత గలగలలాడే ఇంట్లో ఆమె చెవులు ఎప్పుడు తగ్గడం మొదలైందో ఎవరికీ తెలియదు. ముందు ఫోను వినబడటం మానేసింది. ఫోను పాడైందని నోవాను తిట్టి కొత్తది తెప్పించుకుంది. అదీ పాడైందే అంది. తర్వాత కుక్కరు కూత పోయింది. చర్చిలో పాస్టరుగారి ప్రసంగం పోయింది. అది పెద్ద నష్టమని ఆమె అనుకోలేదులెండి, మనలో మాట. ఒకరోజు మాత్రం "ఇయ్యాల మిల్లు ఏంది గిట్ల మొత్తుకుంటుంది?" అని విసుక్కుంది. గాబ్రియేలు పేపరు దించి ఆమెను వింతగా చూశాడు. "మిల్లు బందున్నది మంగా. నిన్నటి సంది బందే" అన్నాడు గట్టిగా. ఆ హోరు తన చెవుల్లోదేనని ఆమెకు అప్పుడు తెలిసింది.

తెలిసినా ఒప్పుకుంటుందా? ఒప్పుకుంటే మంగతాయి ఎందుకవుతుంది? పిల్లలను ఎప్పుడూ కళ్ల ముందే పెట్టుకునేది. నిద్రపోయే పిల్లను తొడకు ఆనించి పడుకోబెట్టేది, లేచి కదిలితే తెలిసేటట్టు. తల్లులు ఏదైనా చెప్తుంటే పెదాలకేసి చూసి తలాడించేది. ఏడాది పైగా అట్లా నెట్టుకొచ్చింది. గాబ్రియేలుకు తెలుసు. కానీ పెళ్లాం కాదన్నదాన్ని అవునని చెప్పే ధైర్యం ఆయనకు పెళ్లయిన కొత్తలోనే పోయింది.

లెవీ సంగతితో గుట్టు రట్టయింది. లెవీ రేష్మ కొడుకు, ఏడాదిన్నర వాడు. రేష్మ బామ్ని దగ్గర ఒక బళ్లో టీచరు. ఆ రోజు గాబ్రియేలు బజారుకు పోయాడు. మంగతాయి ముందుగదిలో ఇంకో పాపకు అన్నం పెడుతోంది. లెవీ తప్పటడుగులు వేసుకుంటూ లోపలి గదిలోకి పోయి తలుపు నెట్టుకున్నాడు. తలుపు బిగుసుకుంది. లోపల చీకటి. వాడు ఏడ్చాడు, అరిచాడు, తలుపును చేతులతో బాదాడు. వాడి తల్లి బస్సు దిగి సందు మొదట్లోకి వచ్చేసరికి ఆ ఏడుపు సందంతా వినబడుతోంది. వినబడనిది ఒక్క మంగతాయికే. రేష్మ ఉరుక్కుంటూ లోపలికి వస్తే మంగతాయి తలెత్తి నవ్వుమొహంతో "అప్పుడే వచ్చినవా బిడ్డా? ఇయ్యాల జల్దినే ఇడిచిపెట్టిండ్రా?" అంది.

రేష్మ తలుపు తోసి కొడుకును ఎత్తుకుంది. వాడి గొంతు పూర్తిగా పోయింది, ఎక్కిళ్లు తప్ప ఏమీ రావడం లేదు. మంగతాయికి అప్పుడు అర్థమైంది. రేష్మ తిట్టి ఉంటే బాగుండేది. కానీ రేష్మ తిట్టలేదు. పాలసీసా తీసుకుని, బట్టలు తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు లెవీ రాలేదు. ఆ వారంలో ఇంకో ఇద్దరు మానేశారు, ఆ తర్వాత మిగిలిన పాప కూడా. ఒక్క తల్లి కూడా కారణం చెప్పలేదు. అందరూ మొహం చాటేసి వేరే దారిన పోయేవాళ్లు.

ఖాళీ ఇంట్లో మంగతాయి రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు లేచి, జుట్టు ముడేసుకుని, "నడువు, నాకు చెవులు గావాలె" అంది మొగుడితో. "పొల్లగాండ్లు మళ్ల రావాలె నా ఇంటికి. ఏం జేస్తవో జెయ్యి."

ఇక మొదలైంది వైద్యం. వెల్లుల్లి వేసి కాచిన నూనె, మందుల షాపువాడిచ్చిన చుక్కలు, పాస్టరుగారు రెండు చెవుల మీద చేతులు పెట్టి చేసిన ప్రార్థన, అన్నీ అయ్యాయి. బల్లార్‌పూర్ డాక్టరు గుబిలి తీసి మాత్రలిచ్చాడు. మాత్రలకు కడుపులో మంట వచ్చింది గానీ చెవులకు ఏమీ రాలేదు. పక్కింటి సత్తమ్మ గోడ మీంచి వంగి తన వైద్యం తాను చెప్పింది: "ఇన్నేండ్లు ఊళ్లె పోరగాండ్ల ఏడుపులన్నీ నువ్వే ఇంటివి గదా, ఆ ఏడుపులకే చెవులు అరిగిపోయినయి." ఆ ముక్క మంగతాయికి వినబడకపోవడమే మేలైంది, లేకపోతే గోడ ఉండేది కాదు.

చివరికి చంద్రపూర్‌లో చెవులు చూసే పెద్ద డాక్టరు దగ్గరికి పోయారు. ఆయన మరాఠీలో కాగితం మీద రాసి అడుగుతుంటే మంగతాయి మరాఠీలోనే జవాబు చెప్పింది. గనిలో పని చేశారా? లేదు. మిల్లులో? లేదు. పెద్ద జ్వరం, తలకు దెబ్బ, చక్కెర, ఇంట్లో ఇంకెవరికైనా చెవుడు? ఏదీ లేదు. డాక్టరు కలం కింద పెట్టి, కారణం తెలియడం లేదన్నాడు. గాబ్రియేలు అది ఆమె చెవి దగ్గర అరిచి చెప్పాడు. ఆమెకు ఒళ్లు మండింది.

"గదేంది? కారణం లేకుంటనే పోతయా చెవులు?" అంది మొగుడితో, డాక్టరుకు అర్థం కాని తెలుగులో. "మిషను పక్కన ముప్పయి ఏండ్లు నిలవడ్డ నువ్వు చీమ నడిచినా ఇంటవు. పసిపిల్లలను జోకొట్టిన నాకు చెవులు పోయినయా? గిదేం నాయం?"

గాబ్రియేలు తన చెవులు బాగున్నందుకు తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. డాక్టరు వాళ్లను చెవులు పరీక్ష చేసే గదికి పంపాడు. మిషన్లు పెడితే లాభం ఉంటుందో లేదో అక్కడ తేలుతుందన్నాడు.

ఆ గదిలో పరీక్ష చేసేది అర్చన అనే చిన్న వయసు అమ్మాయి. సతారా వైపు నుంచి వచ్చి కొద్ది నెలలే అయింది. మంగతాయిని మందపాటి గోడలున్న చిన్న గదిలో కూర్చోబెట్టి తలకు హెడ్‌ఫోన్ తగిలించింది. ముందు బీప్ అని వినబడితే బటన్ నొక్కమంది. ఆ తర్వాత మాటల పరీక్ష. ఏం చేయాలో ఒక అట్ట మీద మరాఠీలో రాసి ఉంది: "ఐకా ఆణి సాంగా." విని చెప్పండి, అంతే. మంగతాయి అది చదివి సరేనని తలూపింది. గాబ్రియేలును అద్దానికి ఇవతల అర్చన పక్కన కూర్చోబెట్టారు. లోపల భార్య అనే ప్రతి మాటా అక్కడి స్పీకర్లో ఆయనకు వినబడుతుంది.

అర్చన గొంతు హెడ్‌ఫోన్లో పెద్దదై, తేటగా, మంగతాయి చెవుల్లోకి వచ్చింది. "పాణీ."

రెండేళ్లలో ఏ మాటా ఆమెకు అంత శుభ్రంగా వినబడలేదు. మొత్తం మాట, తోక తెగకుండా. ఎవరో తన ఒళ్లో కూర్చుని చెవిలో చెప్పినట్టుంది. ఆమెకు ఒళ్లు జలదరించింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీళ్లు!" అంది గట్టిగా. "దూధ్" అంది అర్చన. "పాలు!" అంది మంగతాయి. "ఝాడ్." "చెట్టు!" "పాఊస్." "వాన!" ఒకదాని వెనక ఒకటి మాటలు వస్తున్నాయి, ఈమె టపీటపీమని చెప్తోంది. అద్దం ఇవతల గాబ్రియేలు మొహం చింకిచేటంతైంది. ఒక్కటి తప్పలేదు! ఇంటికి పోయి వాడంతా చాటించాలనుకున్నాడు. పక్కన అర్చన మాత్రం కాగితం మీద వరసగా గీతలు గీస్తూ నుదురు చిట్లించింది.

బయటకు వచ్చాక మంగతాయి పెళ్లికూతురిలా వెలిగిపోతూ బల్ల మీద కూర్చుంది. గాబ్రియేలు ఒక్కడే డాక్టరు గదిలోకి పోయాడు. డాక్టరు కాగితం చూసి పెదవి విరిచాడు. ఆమె ఒక్క మాట కూడా సరిగా చెప్పలేదన్నాడు. ఎంత పెద్దగా వినిపించినా సంబంధం లేని శబ్దాలు చేసింది, అంటే శబ్దం పోతున్నా మాట మెదడుకు అందడం లేదు, మిషన్లు పెట్టడం దండగ, ముందు నాగపూర్ పోయి తలకు స్కానింగ్ చేయించండి, లోపల ఏమైనా ఉందేమో చూడాలి అన్నాడు. అన్నీ సరిగ్గా చెప్పిందని గాబ్రియేలు చెవులారా విన్నాడు. అయినా ఉద్యోగమంతా పైవాళ్ల మాటకు సరే సాబ్ అని బతికిన మనిషి, ఇంత చదువుకున్నాయనకు తెలియదా అనుకుని, ఆయన రాసిచ్చిన నాగపూర్ చీటీ జేబులో పెట్టుకుని బయటకు వచ్చాడు.

బస్‌స్టాండులో గానీ ఆమెకు చెప్పలేకపోయాడు. చెప్పడమంటే అరవడమే. "మిషను పని చెయ్యదంట! ఒక్క మాట గూడ చెప్పలేదంట నువ్వు!" అని ఆయన ఆమె చెవిలో అరిస్తే బస్‌స్టాండులో సగం మంది తిరిగి చూశారు.

"ఎవడన్నడు?" మంగతాయి అంతకంటే గట్టిగా అరిచింది. "అన్నీ చెప్పిన గదనయ్యా! నువ్వు ఇనలేదా?"

"ఇన్న. నాకైతే అన్నీ సరిగ్గనే అనిపించినయి."

"మరి నోరు ఏడబెట్టుకున్నవ్ డాక్టరు ముంగట?"

నాగపూర్, స్కానింగ్ అన్న మాటలు ఆయన చెప్పలేదు గానీ, ఆమె ఆయన మొహం చూసి ఇంకేదో ఉందని కనిపెట్టింది. ఎర్ర బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. కోపం కాస్త దిగేసరికి ఏడుపొచ్చింది. ఇక పిల్లలు రారు. లెవీ రాడు. ఇల్లు అట్లాగే ఖాళీగా ఉంటుంది, తాను ఆ హోరు వింటూ అందులో కూర్చుంటుంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, ఎంత గట్టిగా ఏడుస్తోందో తనకు తెలియకుండా. బస్సంతా అటే చూసింది.

కండక్టరమ్మ టికెట్లు కొడుతూ వచ్చి ఆగింది. "కాయ్ ఝాలా కాకా?" అని జాలిగా అడిగింది, ఏమైందని. గాబ్రియేలుకు ఎవరితోనైనా చెప్పుకోకపోతే గుండె పగిలేటట్టుంది. అంతా మరాఠీలో చెప్పుకొచ్చాడు. మా ఆమె అన్ని మాటలూ సరిగ్గా చెప్పిందమ్మా, నేను పక్కనే ఉండి విన్నాను, వాళ్లేమో ఒక్కటీ చెప్పలేదంటున్నారు అన్నాడు.

"ఏమడిగారు, ఏం చెప్పింది?" అంది కండక్టరమ్మ.

"పాణీ అన్నారు. ఈమె నీళ్లు అంది."

"నీళ్లు? అంటే?"

"అంటే పాణీయే కదమ్మా! మా తెలుగులో..." అని ఆయన అక్కడే ఆగిపోయాడు. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. కండక్టరమ్మ ఆయన్ని చూసింది, ఆయన కండక్టరమ్మను చూశాడు. ఆయన పుట్టినప్పటినుంచి ఆ రెండు మాటలూ ఒకటే. పాణీ అన్నా నీళ్లన్నా దాహం తీరేది ఒకదానితోనే. పరీక్ష చేసిన ఆ అమ్మాయికి మాత్రం నీళ్లంటే ఏం తెలుస్తుంది? అది ఏదో అర్థం లేని చప్పుడు. తిప్పి అదే మాట అనమని కదా వాళ్లు అడిగింది!

"ఓ దేవా!" అని లేచాడు గాబ్రియేలు. "ఆపుండ్రి! బస్సు ఆపుండ్రి! థాంబా, థాంబా!"

కండక్టరమ్మకు అర్థమైంది. నవ్వాపుకోలేక గంట తాడు లాగింది. బస్సు బాబూపేఠ్ దగ్గర కీచుమని ఆగింది. ఏమిటో తెలియని మంగతాయిని చెయ్యి పట్టి దింపి, రోడ్డు పక్కన నిలబెట్టి, గాబ్రియేలు పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె మీద అరిచాడు. "ఆమె పాణీ అంటే నువ్వు పాణీ అనాలెనే! ఆమెకు తెలుగొస్తదా? నువ్వు పోరగాండ్ల ఆట ఆడినవక్కడ!"

మంగతాయి చేత్తో నోరు మూసుకుంది. "అయ్యో, అయ్యో! నా నోట్లె మన్నువడ! గదా సంగతి?" అని రోడ్డు మీదే పగలబడి నవ్వింది. ఏడుపు తడి ఇంకా ఆరకుండానే నవ్వింది. నవ్వుతూనే పోతున్న ఆటోకు చెయ్యెత్తింది.

వాళ్లు పోయేసరికి అర్చన గది తలుపు దగ్గరికేసి అన్నం డబ్బా విప్పుకుంటోంది. మంగతాయి తలుపు తోసుకుని పోయి, తన గొంతు ఎంత పెద్దదో తెలియక ఆస్పత్రి మొత్తం వినేటట్టు మరాఠీలో చెప్పింది: "ఓ బాయీ, నాకు అన్నీ వినబడ్డాయి! నువ్వు పాణీ అన్నావు, నేను నీళ్లన్నాను. నీళ్లంటే పాణీ! మా ఇంట్లో తెలుగు!"

అర్చన చేతిలో చపాతీ ముక్క అట్లాగే ఉండిపోయింది. "చెట్టు?" అని నెమ్మదిగా అడిగింది, తాను రాసుకోకుండా వదిలేసిన ఆ శబ్దాన్ని గుర్తు చేసుకుంటూ. "ఝాడ్" అన్నాడు గాబ్రియేలు. "వాన?" "పాఊస్." ఆ అమ్మాయి మొదట నవ్వింది. తర్వాత నవ్వు పోయింది. మీరింత చక్కటి మరాఠీ మాట్లాడుతుంటే ఇంట్లో వేరే భాష ఉందని నాకు తట్టనే లేదు, అడగాల్సింది, తప్పు నాదే అంది. డబ్బా మూసేసి లేచింది. తినేసి రమ్మని గాబ్రియేలు ఎంత చెప్పినా వినలేదు.

రెండోసారి పరీక్ష మంగతాయికి మొదటిదానికంటే కష్టమైంది. వినబడటం కాదు, నోరు కట్టుకోవడం. ఇరవై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? అర్చన ఈసారి వేరే మాటలు తీసుకుంది. "మీఠ్" అంటే మంగతాయి ఉప్పు అనబోయి, "ఉ..." అని నాలుక కరుచుకుని "మీఠ్" అంది. "మాసా" అంటే చేప అనబోయి, "చే..." దగ్గర ఆగి కళ్లు మూసుకుని "మాసా" అంది. నాలుగు మాటలు దాటాక దారిలో పడింది. ఆ తర్వాత బండి ఆగలేదు. అద్దం ఇవతల గాబ్రియేలు ఈసారి కాగితంకేసే చూస్తూ కూర్చున్నాడు. అర్చన చేతిలో కలం ఒకటి రెండు చోట్ల తప్ప అన్నిచోట్లా టిక్కులే పెట్టింది. చివరి మాట అయ్యాక ఆ అమ్మాయి అద్దం లోపలికి చూసి రెండు చేతులూ పైకెత్తింది. మంగతాయికి ఇక ఎవరూ అరిచి చెప్పనవసరం లేకపోయింది.

డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. నాగపూర్ చీటీ తిరిగి తీసుకుని చించేశాడు. చెవి నరం బలం తగ్గింది, అది తిరిగి రాదు, కానీ మాట మెదడుకు బాగా అందుతోంది, మిషన్లు తప్పకుండా పనిచేస్తాయి అని రాసి చూపించాడు. ఎందుకు తగ్గిందో మాత్రం ఇప్పటికీ తెలియదని నిజాయితీగా ఒప్పుకున్నాడు. పొద్దున ఇదే మాటకు మండిపడ్డ మంగతాయి ఇప్పుడు చెయ్యి ఊపేసింది. "తెల్వకుంటే తెల్వకపాయె. ఇనవడితే సాలు నాకు" అంది.

మిషన్లు నోవా ఇప్పించాడు. చెవుల వెనక చిక్కుడు గింజల్లా రెండు. అవి పెట్టుకున్న మొదటి రోజు సంబరం ఒక పూట కూడా నిలవలేదు. ప్లాస్టిక్ సంచి నలిగితే నెత్తి మీద రేకు పడ్డట్టు, గిన్నె కింద పెడితే పిడుగు పడ్డట్టు. పేపరు మిల్లు నిజంగానే మొత్తుకుంటోంది. రాత్రి అన్నాల దగ్గర ఆమె ముద్ద ఆపి మొగుడిని అనుమానంగా చూసింది. "నోవా డాడీ, ఇన్నేండ్ల సంది నువ్వు గిట్లనే నములుతున్నవా?" అంది. ఆయన ఆ రోజు నుంచి పాయసం తాగినట్టు అన్నం తినడం నేర్చుకున్నాడు.

తలనొప్పి వచ్చి తీసి పెట్టేసేది. లెవీ గొంతు పోయిన రోజు గుర్తొచ్చి మళ్లీ తగిలించుకునేది. గాబ్రియేలును లోపలి గదిలో కూర్చోబెట్టి, తలుపేసి, మాట్లాడమనేది. ఆయన బైబిలు వాక్యాలు చదివేవాడు, ఈమె ముందుగదిలో గోడకు మొహం పెట్టుకుని మళ్లీ అనేది. ఆయన గొంతు తగ్గిస్తూ పోయేవాడు. ఒకరోజు విసుగొచ్చి "ఈ ముసల్దానితోని ఏగలేక సస్తున్న" అని మెల్లగా గొణిగాడు. తలుపు దభాలున తెరుచుకుంది. ఆయన తిట్లు తిన్నాడు గానీ, తింటూ తింటూ కళ్లు తుడుచుకున్నాడు.

కానీ చెవులు రావడం ఒకటి, పిల్లలు రావడం ఇంకొకటి. వాడలో అందరికీ సంగతి తెలిసింది, అందరూ సంతోషించారు, ఒక్కరూ పిల్లను తీసుకురాలేదు. వర్షాలు మొదలైనాక ఒక ఆదివారం చర్చి అయ్యాక మంగతాయి సూటిగా రేష్మ ఇంటికి పోయింది. వెంట సత్తమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, ఏం జరుగుతుందో చూద్దామని.

రేష్మ కుర్చీ వేసింది, కానీ మొహంలో ఇబ్బంది దాచలేకపోయింది. "తాయీ, నీ మీద నాకు కోపం లేదు. భయం. ఆ మిషన్ల సెల్లు అయిపోతే? ఊడి కింద పడితే? మళ్ల గట్లనే అయితే నా కొడుకు..." అని ఆగిపోయింది.

"నువ్వు భయపడుడు తప్పు గాదు బిడ్డా" అంది మంగతాయి. "నీ కొడుకు గొంతు పోయేదాక ఏడుస్తుంటే నేను నవ్వుకుంట కూసున్న. అది యాదికొస్తే నాకు ముద్ద దిగదు. సెల్లు అంటవా, ఇగో కొంగుకు కట్టుకున్న. మా ఆయన ఇగ బజారుకు పోడు, ఇంట్లనే ఉంటడు. అయినా నన్ను నమ్మమంటలేను. నన్ను పరీక్ష పెట్టు. నీ కొడుకు యాడున్నడు?"

లెవీ లోపలి గదిలో నిద్రపోతున్నాడు. మంగతాయి తలుపు వేయించి, బయట వసారాలో ఇంటికి వీపు పెట్టి కూర్చుంది. బయట సన్నగా వాన. సత్తమ్మ కాసేపు ఊపిరి బిగబట్టి చూసింది, తర్వాత విసుగొచ్చి పక్కావిడతో కూతురి అత్తగారి సంగతి ఎత్తుకుంది. రేష్మ చాయ్ తెచ్చింది. మంగతాయి ముట్టలేదు. వాన చప్పుడు, సత్తమ్మ గొంతు, దూరంగా రైలు కూత, అన్నీ వస్తున్నాయి. ఒక్కొక్కదాన్నీ పక్కకు పెడుతోంది. ఆమెకు కావలసింది ఒక్కటే.

ఉన్నట్టుండి చెయ్యెత్తింది. "లేచిండు."

సత్తమ్మ నోరాగింది. అందరూ చెవులు రిక్కించారు. వాన తప్ప ఏమీ లేదు. "లేదు తాయీ, ఏడుస్తలేడు గదా" అంది రేష్మ జాలిగా.

"ఏడుస్తలేడు. మూల్గుతుండు. మంచం కిర్రుమంది. ఇగ ఏడుస్తడు, నువ్వు పో."

రేష్మ పోయి తలుపు తీసింది. లెవీ మంచం మీద లేచి కూర్చుని, కళ్లు నులుముకుంటూ, అప్పుడే పెదవి విరుస్తున్నాడు. తల్లిని చూసి బేరుమన్నాడు. రేష్మ వాడిని ఎత్తుకుని వసారాలోకి వచ్చింది. మునుపు పొద్దున పూట ఇచ్చినట్టే, తన చంకలోంచి తీసి మంగతాయి చంకలో పెట్టింది. రేష్మ కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. "రేపు పొద్దున బడి ఉన్నది తాయీ, జల్దినే తీసుకొస్త" అంది. మంగతాయి తలూపింది. సత్తమ్మ మాత్రం అక్కడి నుంచి వాడంతా చాటించడానికి వానలోనే బయల్దేరింది.

సోమవారం లెవీ వచ్చాడు. మంగళవారం ఇద్దరొచ్చారు. ఆ వారం గడిచేసరికి పాతవాళ్లే కాక, పుట్టి ఆర్నెల్లు కూడా కాని ఒక చంటిది కూడా చేరింది. తల్లులు మళ్లీ గడప లోపల పాలసీసాలు పెట్టి, వెనక్కి చూడకుండా పరుగెత్తుతున్నారు. శనివారం పొద్దున చంటిది మొదలుపెట్టింది. దాన్ని చూసి లెవీ అందుకున్నాడు. వాణ్ని చూసి మిగతావాళ్లు. ఇల్లంతా ఒకటే ఏడుపు, పైకప్పు లేచిపోయేటట్టు. సత్తమ్మ కిటికీలోంచి తొంగిచూసి "ఏందా లొల్లి!" అని కిటికీ వేసుకుంది. గాబ్రియేలు రెండు చెవులూ మూసుకుని వంటింట్లోంచి వచ్చాడు.

"మంగా, జర సేపు ఆ మిషన్లన్న తీసి పక్కన పెట్టుకోరాదె! నీ తల పగుల్తది!" అన్నాడు.

మంగతాయి నేల మీద పిల్లల మధ్యలో కూర్చుంది. చంటిది భుజం మీద, లెవీ ఒళ్లో, ఇంకొకతి కొంగు పట్టుకుని లాగుతోంది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో ఆయనకు తెలియలేదు. రెండూ కావచ్చు.

"తియ్య! ఒక్కటి గూడ తియ్య!" అంది ఆ గోలకు పైన గొంతెత్తి. "ఏడువుండ్రి బిడ్డలారా, గట్టిగ ఏడువుండ్రి. ఇంటున్న నేను. అందరియి ఇంటున్న."